వేసవిలో నిద్రించు సైక్లమెన్

ఎండాకాలములో ఆకులు పండి రాలిపోయిన పూలకుండీని చూచిన వారెవరికైనను జాలి కలుగును. వెంటనే చెంబెడు నీరు తెచ్చి పోయుదురు. అనేక మొక్కల విషయమున ఆ పని మంచిదే. కాని ఆ చెంబెడు నీటితోనే చచ్చిపోవు మొక్కలు కొన్ని కలవు. వానికి వేసవి యెండ శత్రువు కాదు. వేసవి తడియే శత్రువు. ఆఫ్రికా ఉత్తర తీరమున, లిబియా దేశపు ఈశాన్య భాగమునందలి ఒక కొండసీమలో పెరుగు సైక్లమెన్ రోల్ఫ్సియానమ్ అనునది అట్టి మొక్క.

ఐరోపా ఖండములో దీనిని ముచ్చటపడి కుండీలలో పెంచువారు కలరు. చలిదేశములలో ఆరుబయట ఇది బ్రతుకదు; మంచు గడ్డకట్టు రాత్రికి తాళలేని సుకుమారి. కాని నెలల తరబడి చుక్క నీరు లేకున్నను దీనికి బాధ లేదు. చలికి ఇంత మెత్తనిదై, కరవునకు అంత గట్టిదై యుండుట విచిత్రముగా తోచును. ఈ విచిత్రమునకు కారణము తెలిసికొన్నచో దీనిని పెంచు విధానము దానంతట అదే బోధపడును. అంతేకాక, మొక్కకు కావలసినది నీరు మాత్రమే కాదు, నీరు అందవలసిన కాలము కూడ అను సత్యము స్పష్టమగును.

సైక్లమెన్ ప్రజాతి

సైక్లమెన్‌లు ప్రిములేసీ కుటుంబమునకు చెందిన దుంప మొక్కలు. ఈ ప్రజాతికి 1753లో స్వీడిష్ శాస్త్రవేత్త లిన్నేయస్ తన గ్రంథములో శాస్త్రీయముగా స్థానము కల్పించెను. గ్రీకు భాషలో చక్రము అను అర్థము గల పదమునుండి ఈ పేరు వచ్చినది. గుండ్రని దుంపయే దీనికి మూలమని చెప్పుదురు. ఇందు ఇరువదికి పైగా జాతులు కలవు. వీనిలో పెక్కు మధ్యధరా సముద్రము చుట్టునున్న దేశములలో పెరుగును. కొన్ని తూర్పున ఇరాన్ వరకు వ్యాపించియున్నవి. ఎక్కడనో దూరమున సోమాలియా ఉత్తర భాగమున ఒక జాతి యున్నదను సంగతి లోకమునకు 1989లో మాత్రమే ప్రకటితమైనది. అంగళ్లలో కుండీలతో అమ్ముచుండు పెద్దపూల సైక్లమెన్‌లు పెర్సికమ్ అను మరియొక జాతినుండి తోటమాలులు తీసిన రకములు.

సైక్లమెన్ దుంపను వృక్షశాస్త్ర విద్యార్థులు శ్రద్ధతో గమనింపవలెను. ముల్లంగి వేరు ఉబ్బి ఏర్పడును. ఉల్లిగడ్డ ఆకుల అడుగు భాగములు దళసరియై ఏర్పడును. సైక్లమెన్ దుంప యట్లు కాక, మొలకలో బీజదళమునకు దిగువను, వేరునకు ఎగువను ఉండు చిన్న కాండభాగము ఉబ్బుటవలన ఏర్పడును. మరియొక వింత యేమనగా, ఇది ద్విదళబీజక మొక్కయే అయినను, మొలకెత్తునప్పుడు ఒక్క బీజదళము మాత్రమే ఆకువలె పైకి కనిపించును. పాఠ్యపుస్తకములోని లక్షణమును బట్టి మాత్రమే మొక్కను వర్గీకరింపబోవు విద్యార్థి ఇక్కడ తప్పక పొరబడును.

పువ్వు తలవంచుకొని యుండును. దాని ఐదు ఆకర్షక పత్రములు మాత్రము వెనుకకు మడిచి పైకి నిక్కియుండును. చూచువారికి ఎగురబోవు సీతాకోకచిలుకలు జ్ఞప్తికి వచ్చును. ఫలదీకరణము జరిగిన పిమ్మట పెక్కు జాతులలో పూకాడ గడియారపు స్ప్రింగువలె చుట్టుకొని, కాయను నేలకు చేర్చును. కాయ పండి పగులువేళకు గింజలకు తీయని జిగురు పదార్థము అంటియుండును. చీమలు ఆ తీపికొరకు గింజలను మోసికొనిపోయి, తీపిని తిని, గింజలను విడిచిపెట్టును. ఆ విధముగా నడువలేని మొక్క చీమల కాళ్లతో నడచుచున్నది.

పచ్చని కొండ

లిబియా యనగానే ఇసుక యెడారి మనస్సునకు వచ్చును. ఆ దేశములో అధిక భాగము ఎడారియే. కాని ఈశాన్యమున, సైరెనైకా అను ప్రాంతమున, సముద్రమునకు దగ్గరగా సున్నపురాతి పీఠభూమి యొకటి కలదు. దాని శిఖరభాగము సముద్రమట్టమునకు 800 మీటర్లకు పైగా ఎత్తున నుండును. సముద్రముమీదుగా వచ్చు శీతకాలపు మేఘములను ఈ మెట్ట అడ్డగించును. అందుచేత అక్కడి తేమ గల తావులలో సంవత్సరమునకు 500 మిల్లీమీటర్లకు మించి వర్షము కురియును. చుట్టునున్న ఎడారి నడుమ పచ్చగా కనిపించుటచే అరబ్బులు దానికి జెబెల్ అఖ్దర్, అనగా పచ్చని కొండ, అని పేరిడిరి. ఈ కొండలోని సున్నపురాతి నెఱ్ఱెలలో, రాళ్ల నీడలలో, పొదల అడుగున సైక్లమెన్ రోల్ఫ్సియానమ్ పెరుగుచున్నది. ఇదియే దీని జన్మభూమి; ప్రపంచమున మరెక్కడను ఇది స్వతస్సిద్ధముగా లేదు.

దీని పేరు జర్మన్ యాత్రికుడు గెర్హార్డ్ రోల్ఫ్స్ పేరు మీదుగా పెట్టబడినది. 1831లో జన్మించి 1896లో మరణించిన రోల్ఫ్స్, సహారా ఎడారిని దాటి గినీ సింధుశాఖ వరకు ప్రయాణము చేసిన సాహసి. 1879లో లిబియా యెడారి నడుమనున్న కుఫ్రా ఒయాసిస్సును చేరెను. బెర్లిన్ నగరపు వృక్షశాస్త్రవేత్త పౌల్ ఆషెర్సన్ అంతకు పూర్వము రోల్ఫ్స్‌తో కలిసి ఎడారి యాత్ర చేసినవాడు. ఆయన 1897లో ఈ జాతిని వర్ణించి మిత్రుని పేరు దానికి నిలిపెను.

తక్కిన సైక్లమెన్‌లనుండి దీనిని వేరుపరచు గుర్తు పువ్వులోనే యున్నది. ఇతర జాతులలో కేసరములు పువ్వు గొట్టములో దాగియుండును. ఇందు పరాగకోశములన్నియు ఒక శంకువుగా కూడి పువ్వు నోటినుండి బయటికి పొడుచుకొని వచ్చును. వంగపువ్వు నడుమ పసుపుపచ్చని శంకువును చూచినవారు దీనిని సులభముగా ఊహింపగలరు. పువ్వులు గులాబివన్నె కలవి, సువాసన గలవి. ఆకులు వెడల్పై, అంచులు మొరటుగా చీలి, పైన వెండిరంగు చాఱలతోను, అడుగున ఎఱ్ఱని ఛాయతోను ఉండును. దుంప ముదిరినకొలది గుండ్రదనము పోయి, ఎగుడు దిగుడులతో జానెడు వెడల్పువరకు పెరుగవచ్చును.

నిద్రకు కారణము

తెలుగు దేశములో వర్షాకాలమనగా వేడిగా నుండు కాలమే. జూన్ మాసములో తొలకరి పడగానే పసుపు, కంద మున్నగు దుంపలు మొలకెత్తి ఆకులు వేయును. చలికాలము ముగియువేళకు ఆకులెండి దుంపలు నిద్రకు పోవును. రైతు పసుపు విత్తనపు దుంపలను నీడపట్టున పొడిగా దాచి, మరల తొలకరికి నాటును. రోళ్లు పగులు రోహిణి యెండలలో ఆ దుంపలకు నీరు పెట్టవలెనని ఎవరును తలంపరు. దుంప నిద్ర యనగా ఏమో తెలుగు రైతునకు క్రొత్తగా నేర్పవలసినది లేదు.

మధ్యధరా తీరమున ఋతువుల సంబంధము దీనికి భిన్నము. అక్కడ వర్షములు వేసవిలో రావు. వేసవిలో ఆ ప్రాంతముమీద గాలి పైనుండి క్రిందికి దిగుచుండును. దిగు గాలి నొక్కుకొని వేడెక్కును. వేడెక్కిన గాలిలో మేఘము నిలువదు. కావున మే మొదలు సెప్టెంబరు వరకు ఆకాశము నిర్మలముగా నుండి, నేల ఎండిపోవును. శీతకాలమున పడమటినుండి వచ్చు తుపానుగాలులు వర్షములు తెచ్చును. అక్కడ చల్లని కాలమే తడికాలము, వేడికాలమే పొడికాలము.

ఈ క్రమమునకు సైక్లమెన్ తన జీవితమును సరిపుచ్చుకొన్నది. శరదృతువులో తొలివానలకు ముందుగనో, వానతో కూడనో పువ్వులు పూయును. వెంట ఆకులు వచ్చును. చలికాలమంతయు, వసంతములో కొంతకాలమును ఆకులు పత్రహరితముతో ఆహారము తయారుచేసి, పిండిపదార్థముగా దుంపలో నిలువచేయును. ఎండలు ముదురగనే ఆకులు పసుపువన్నెకు తిరిగి రాలును. నీటిని బయటికి వదలు ఆకులే లేనప్పుడు నీటి నష్టము స్వల్పము. దుంపమీది బెండువంటి తొక్క మిగిలిన నష్టమును గూడ అరికట్టును.

కావున ఈ మొక్క కరవును ప్రేమించునది యనుట పూర్తిగా సరికాదు. కరవుకాలమున అది మేలుకొని పోరాడదు. తలుపులు మూసికొని పడుకొనును. ఎడారిలోని బ్రహ్మజెముడు జాతులు నీటిని ఒంటిలో దాచుకొని మేలుకొనియుండి బ్రతుకును. సైక్లమెన్ నిద్రపోయి బ్రతుకును. చలికి అది తాళలేకపోవుటకును ఇదియే కారణము. చలికాలమే దాని పనికాలము. అప్పుడు ఆకులు, వేళ్లు నీటితో నిండి లేతగా నుండును. పుట్టినచోట సముద్రపు గాలి యుండుటవలన గడ్డకట్టు చలి అరుదు. కావున అది చలికి కవచము తొడుగుకొనుట నేర్వలేదు. మంచు గడ్డకట్టినప్పుడు ఆకులోని కణముల నడుమనున్న సందులలో మొదట మంచుముక్కలు ఏర్పడి, కణములనుండి నీటిని లాగివేయును. లేత కణములు ఆ లాగుడునకు తట్టుకొనలేక చచ్చును.

వేసవి తడి ఎట్లు చంపును?

నిద్రించు దుంపకు నీరు పోసినంత మాత్రమున అది చావనేల? ఈ ప్రశ్నకు జవాబు నీటిలో కాక గాలిలో దొరుకును.

నిద్రలోనున్న దుంప చచ్చినది కాదు. దానికి శ్వాసక్రియ కలదు. శ్వాసక్రియకు ప్రాణవాయువు కావలెను. పొడినేలలో మట్టిరేణువుల నడుమనున్న సందులు గాలితో నిండియుండును. ఒక లీటరు గాలిలో సుమారు 210 మిల్లీలీటర్ల ప్రాణవాయువు కలదు. నీరు పోసినచో సందులన్నియు నీటితో నిండును. 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒక లీటరు నీటిలో కరగియుండు ప్రాణవాయువు సుమారు 6 మిల్లీలీటర్లు మాత్రమే. అంతేకాక, నీటిగుండా ప్రాణవాయువు వ్యాపించు వేగము గాలిలో వ్యాపించు వేగములో దాదాపు పదివేలవ వంతు. తడిసిన మట్టిలోని దుంప, ముక్కుమూసి నీటిలో ముంచిన మనిషివంటిదగును.

ఇట్లే శీతకాలమునను నీరు పోయుచున్నారు గదా, అప్పుడేల చావదు? ఇక్కడ ఉష్ణోగ్రత ప్రవేశించుచున్నది. నీరు వేడెక్కినకొలది దానిలో కరగు ప్రాణవాయువు తగ్గును. 0 డిగ్రీల వద్ద లీటరు నీటిలో 14.6 మిల్లీగ్రాములు కరగగా, 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మిల్లీగ్రాములే కరగును. మరియొక వైపు, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో శ్వాసక్రియ వేగము సుమారు రెట్టింపగును. అనగా వేసవి తడిలో దుంపకు కావలసిన ప్రాణవాయువు పెరుగును, అందునది తరుగును. శీతకాలమున పరిస్థితి దీనికి విపర్యయము. పైగా అప్పుడు ఆకులు నీటిని పీల్చి బయటికి పంపుచుండుటచే మట్టి త్వరగా ఆరి గాలిసందులు తెరచుకొనును. వేసవిలో నీటిని తీసివేయు ఆకు ఒక్కటియు లేదు.

ఇట్లు ఊపిరాడక నీరసించిన దుంపమీద బూజులు, కుళ్లు పుట్టించు సూక్ష్మజీవులు దాడి సలుపును. వెచ్చదనము, తేమ అను రెండును కలిసిన తావు వానికి స్వర్గము. దుంపలోని పిండిపదార్థము వాని ఆహారము. పైకి ఏ మార్పును కనిపింపకుండగనే లోపల దుంప మెత్తబడును. ఆగస్టులో తోటమాలి వ్రేలితో నొక్కి చూచునప్పుడు గాని సంగతి తెలియదు. అప్పటికి చేయగలిగినది లేదు. బంగాళాదుంపవలె దీనిని ముక్కలు కోసి నాటుటకు వీలులేదు. సైక్లమెన్ దుంప పిల్లదుంపలను పెట్టదు. ఇరువది సంవత్సరములు పెంచిన మొక్కయైనను ఒక్క పొరబాటుతో సమూలముగా పోవును.

కుండీయు మన్నును

ఈ కారణములు తెలిసిన పిమ్మట కుండీ ఎట్లుండవలెనో ఊహించుట కష్టము కాదు. నీరు త్వరగా దిగిపోవలెను, గాలి నిలువవలెను, సున్నము కొంత యుండవలెను. పెంచువారు తోటమన్ను, బాగుగా చివికిన ఆకుఎరువు, ముతక ఇసుక లేక సన్నని గులకరాళ్లు కలిపి, దానికి సున్నపురాతి పలుకులు చేర్చుదురు. మొత్తములో సగమువరకు ఇసుకయు పలుకులునే యుండుట మేలు. కుండీ అడుగు రంధ్రము మూసుకొనిపోకుండ పెంకు ముక్కలు పరచవలెను. దుంప పైభాగము మట్టి మట్టమునకు సరిగా నుండునట్లు నాటి, దానిచుట్టు సన్నని రాళ్లు పరచినచో మెడవద్ద తడి నిలువదు.

మట్టికుండీ, ప్లాస్టిక్ కుండీలలో ఏది మేలు? మట్టి కూజాలో నీరు చల్లబడు విధము అందరికి తెలిసినదే. కూజా గోడలోని సన్నని రంధ్రములగుండా నీరు బయటికి ఊరి ఆవిరియగును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కెలోరీల ఉష్ణము కావలెను. ఆ ఉష్ణము కూజానుండియే పోవుటచే లోపలి నీరు చల్లబడును. మట్టికుండీ గోడయు ఇట్లే ఊపిరి తీయును. నీరెక్కువైనను ప్రక్కలనుండి కొంత ఆరిపోవును. వేళ్లు మరీ వేడెక్కవు. ప్లాస్టిక్ కుండీలో నీరు పైనుండి, అడుగు రంధ్రమునుండి తప్ప పోజాలదు. నీరు పోయుటలో చేయి పొదుపు గలవారికి ప్లాస్టిక్ కుండీ చాలును. చేయి విరివిగలవారికి మట్టికుండీయే శ్రేయస్కరము.

మట్టికుండీ మరీ త్వరగా ఎండిపోవుననునది దాని లోపము. దీనికొక ఉపాయమున్నది. కుండీని మెడవరకు ఇసుకలో పూడ్చియుంచెదరు. ఇసుకకు కొంచెము తడి తగిలించినచో కుండీ గోడగుండా చెమ్మ నెమ్మదిగా లోపలికి చేరును. దుంపను తడుపకుండ వేళ్ల కొనలకు మాత్రము తేమ అందించుట ఇందలి కిటుకు.

పండ్రెండు నెలల పని

ఈ మొక్కకు సంవత్సరము ఆగస్టు చివర మొదలగును. అప్పుడు నిద్రించు దుంపను కుండీనుండి మెల్లగా తీసి, గట్టిగా నున్నదో లేదో చూచి, అవసరమైనచో క్రొత్త మన్నులో నాటుదురు. వేళ్లు తెగిపోకుండ జాగ్రత్త పడవలెను.

సెప్టెంబరు మాసమున ఒకమారు మన్నంతయు నానునట్లు నీరు పోయుదురు. ఇది తొలివానకు బదులు. ఆ పిమ్మట మొగ్గలు కనిపించువరకు తొందరపడరాదు. సెప్టెంబరు, నవంబరు మాసముల నడుమ పువ్వులు పూయును, ఆకులు విచ్చును. ఆకులు పెరిగినకొలది నీరు పెంచుచు, పై మన్ను ఆరిన పిదప మరల పోయుచుండవలెను. నీరు దుంప నడినెత్తిన పడరాదు. కుండీ అంచువెంట గాని, అడుగున పళ్లెములో గాని పోసి, మిగిలిన నీటిని పారబోయవలెను.

చలికాలమున వెలుతురు ఎంత దొరకిన అంత మంచిది. ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగకుండ కాపాడుట క్షేమము. గాలి కదలికయు ముఖ్యమే. మూసియుంచిన అద్దాలగదిలో తేమగాలి నిలిచిపోయినచో బూడిదవన్నె బూజు ఆకుకాడలకు పట్టును. వాడిన పువ్వులను, పండిన ఆకులను కాడతో సహా మెలిపెట్టి లాగివేయవలెను. మధ్యకు త్రుంచినచో మిగిలిన ముక్క కుళ్లి, కుళ్లు దుంపకు ప్రాకును.

ఏప్రిల్ మాసమున ఆకులు పసుపువన్నెకు తిరుగనారంభించును. ఇదియే పరీక్షాసమయము. మొక్కకు జబ్బు చేసినదని భ్రమపడి నీరు, ఎరువు అధికముగా వేయువారు ఇక్కడనే మొక్కను పోగొట్టుకొందురు. చేయవలసినది దీనికి విరుద్ధము. నీటిని క్రమముగా తగ్గించి, ఆకులన్నియు రాలిన తరువాత పూర్తిగా మానవలెను. జూన్, జూలై, ఆగస్టు మాసములు నిద్రాకాలము. ఆ మూడు మాసములు కుండీని వెచ్చగా, పొడిగా, వాన తగులనిచోట ఉంచవలెను. అడుగు వేళ్లకు మాత్రము ఇసుకద్వారా కొంచెము చెమ్మ అందించుట మంచిదని కొందరు, సంపూర్ణముగా ఎండనిచ్చుటయే మంచిదని మరికొందరు అనుభవజ్ఞులు చెప్పుదురు. దుంప పైభాగము తడువరాదను విషయములో మాత్రము అభిప్రాయభేదము లేదు.

ఈ వేసవి వేడికి మరియొక ప్రయోజనము కలదు. ఇంగ్లండువంటి దేశములలో వేసవి చల్లగా గడచినచో ఈ జాతి సరిగా పూయదని పెంచువారు గమనించిరి. కావున వారు నిద్రించు కుండీని అద్దాలగదిలో మిక్కిలి ఎండతగులు స్థలమున ఉంచుదురు. పైకి నిశ్చలముగా కనిపించు నిద్రలోనే రాబోవు పూతకు సన్నాహము జరుగుచున్నదని దీనివలన తెలియుచున్నది.

తెలుగు దేశపు మైదానములలో దీనిని పెంచబోవువారికి చిక్కు మే నెల యెండలో లేదు. ఆ పిమ్మట వచ్చు వానలలో నున్నది. మొక్క గాఢనిద్రలో నుండగా నైరృతి ఋతుపవనము తలుపు తట్టును. వెచ్చని వానయు, తేమగాలియు కలిసి పైని చెప్పిన కుళ్లునకు సర్వసన్నాహములు చేయును. కప్పు క్రింద ఉంచి వాననుండి కాపాడినను, దానికి కావలసిన దీర్ఘమైన చల్లని పనికాలము ఇక్కడ లభించుట కష్టము.

గింజలనుండి క్రొత్త మొక్కలు

దుంపను విభజించుటకు వీలులేదు గనుక వంశవృద్ధికి గింజలే ఆధారము. రెండు వేర్వేరు మొక్కల పువ్వుల నడుమ సన్నని కుంచెతో పరాగ సంపర్కము కలిగించినచో గింజ పట్టుట నిశ్చయమగును. శరత్తులో పూచిన పువ్వు కాయగా మారి పండుటకు వేసవి ఆరంభము కావలెను. చీమలు కొనిపోకముందే కాయలను కోసికొనవలెను.

గింజలను ఒక దినము నీటిలో నానబెట్టి, తీపిజిగురును కడిగి, శరత్తులో చాళ్లుగా విత్తి, పలుచగా మన్ను కప్పుదురు. ఆ పిమ్మట రెండు నియమములు పాటించవలెను. మొదటిది చీకటి, వెలుతురు తగిలినచో ఈ గింజలు సరిగా మొలవవు. రెండవది చల్లదనము, సుమారు 15 డిగ్రీల ఉష్ణోగ్రత అనుకూలము. వేడిలో గింజ నిద్రలేవదు. ఈ రెండు నియమములును పచ్చనికొండ పెట్టినవే. చల్లబడుట వానకాలమునకు గుర్తు. చీకటి, రాతిసందులో లోతుగా తడియున్నదనుటకు గుర్తు. పైపైన పడి వెలుతురులో మొలచిన గింజ ఒకనాటి వానను నమ్మి మోసపోవును.

నెల లేక అంతకు మించిన కాలమునకు మొలక వచ్చును. మొదట మట్టిలోపల గింజంత దుంప ఏర్పడి, ఆ తరువాత ఒక్క ఆకు పైకి వచ్చును. మొదటి వేసవిలో ఈ శిశువులకు పెద్దల నియమము వర్తింపదు. వాని దుంపలో నిలువ స్వల్పము. ఆకు పచ్చగా నున్నంతకాలము కొంచెము కొంచెముగా నీరు ఇచ్చుచు, ఆకు దానంతట అది పండినప్పుడే మానవలెను. పువ్వు చూచుటకు సామాన్యముగా మూడు సంవత్సరములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును.

జాగ్రత్త

సైక్లమెన్ దుంపలో సైక్లమిన్ అను విషపదార్థము కలదు. ఇది సాపోనిన్ల తరగతికి చెందినది. కుంకుడుకాయ నురుగునకును సాపోనిన్లే కారణము. సైక్లమెన్ దుంపను పూర్వము మధ్యధరా దేశములలో చేపలను మత్తెక్కించి పట్టుటకు ఉపయోగించిరి. పందులు దీనిని త్రవ్వి తినుననుటచే ఇంగ్లీషులో దీనికి పందులరొట్టె యను అర్థము వచ్చు పేరు కలదు. అంతమాత్రమున మనుష్యులు తినదగినదని భావింపరాదు. పిల్లలకు, పెంపుడు జంతువులకు దుంపను అందుబాటులో ఉంచరాదు.

తరగతిలో చేయదగిన పరీక్ష

ఈ వ్యాసములోని విషయమును సైక్లమెన్ లేకుండగనే పాఠశాలలో పరీక్షించి చూడవచ్చును. ఒకే పరిమాణము గల మట్టికుండీ నొకదానిని, ప్లాస్టిక్ కుండీ నొకదానిని తీసికొని, ఒకే మన్ను సమానమైన తూకముతో నింపవలెను. రెంటికిని సమానముగా నీరు పోసి, కారినది పోగా మిగిలిన బరువును తూచి వ్రాసికొనవలెను. ప్రతిదినము ఒకే వేళకు తూచుచు వారముదినములు గడచిన పిమ్మట లెక్కలను రేఖాపటముగా గీచినచో గోడగుండా పోయిన నీరెంతయో తెలియును.

రెండవ పరీక్షకు పసుపు విత్తనపు దుంపలు చాలును. ఫిబ్రవరి, మార్చి మాసములలో నిద్రించు దుంపలు కొన్నింటిని పొడి ఇసుకలోను, కొన్నింటిని ఎల్లప్పుడును నీరు నిలిచియుండు మన్నులోను ఉంచి, తొలకరి వరకు ఆగి, రెంటిని త్రవ్వి పోల్చవలెను. కుళ్లినవి ఎన్ని, గట్టిగా నున్నవి ఎన్ని, మొలకెత్తినవి ఎన్ని యని విద్యార్థులే లెక్కించి, కారణమును తామే చెప్పునట్లు చేయుట ఉపాధ్యాయుని నేర్పు.

పోయినది, పోరానిది

పచ్చనికొండమీదనే సైరీన్ అను ప్రాచీన గ్రీకు నగరపు శిథిలములు కలవు. క్రీస్తు పూర్వము ఏడవ శతాబ్దిలో వెలసిన ఆ నగరము సిల్ఫియమ్ అను ఓషధివలన ధనవంతమయ్యెను. సైరీన్ నాణెములమీద ఆ మొక్క బొమ్మను ముద్రించిరి. ఎంత వెల పెట్టియైనను రోమనులు దానిని కొనిరి. క్రీస్తు శకము మొదటి శతాబ్దినాటికి అది కనుమరుగయ్యెను. తన కాలమున దొరకిన ఒక్క కాడను నీరో చక్రవర్తికి పంపిరని రోమన్ రచయిత ప్లినీ వ్రాసియుంచెను. ఒక చిన్న సీమలో మాత్రమే పెరుగు మొక్కను తిరిగి పుట్టించు ప్రయత్నము లేకుండ త్రవ్వుచు పోయినచో ఏమగునో ఆ కొండకు ఒకమారు అనుభవమైనది.

సైక్లమెన్‌లకును అట్టి ప్రమాదము కలుగకపోలేదు. ఇరువదవ శతాబ్దిలో ముఖ్యముగా టర్కీ దేశపు కొండలనుండి అడవి దుంపలను పెద్దయెత్తున త్రవ్వి ఐరోపా అంగళ్లకు పంపిరి. ప్రమాదములోనున్న జీవజాతుల అంతర్జాతీయ వాణిజ్యమును అదుపుచేయు ఒడంబడిక 1975లో అమలులోనికి వచ్చినప్పటినుండి సైక్లమెన్ ప్రజాతి అంతయు దాని రెండవ అనుబంధములో చేరియున్నది. ఈనాడు నియమము తెలిసినవారు అడవి దుంపను కొనరు. తోటలో పండిన గింజలను తెచ్చి విత్తుకొందురు.

కావున కుండీలోని సైక్లమెన్‌ను బ్రతికించి, దానిచేత గింజ పట్టించుట వినోదము మాత్రమే కాదు. కుండీలో పండిన ప్రతి గింజయు కొండమీది ఒక దుంపను త్రవ్వకుండ కాపాడగలదు. దానికి కావలసినవి మూడు మాసములు చేతిని వెనుకకు తీసికొను నిగ్రహము, మూడు సంవత్సరములు పువ్వుకొరకు వేచియుండు ఓర్పు. ఆకులు రాలిన కుండీ ప్రక్కన చెంబు పట్టుకొని నిలువబడినప్పుడు, ఈ మొక్క ఏ దేశపు ఋతువులను లెక్కించుకొనుచున్నదో అడిగి తెలిసికొన్నవాడే దానిని పెంచగలడు.